వెర్మీర్ 'ముత్యపు చెవిపోగు అమ్మాయి'ని తిరిగి వేస్తూ పోర్ట్రెయిట్ నేర్చుకోవడం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పెన్సిల్‌తో వేస్తే ముఖాల్లో పోలిక వస్తోంది, ఆయిల్ రంగుల్లోకి దిగేసరికి అదే ముఖం పిండి పూసినట్టు చప్పగా తయారవుతోంది. పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు వెర్మీర్ వేసిన 'ముత్యపు చెవిపోగు అమ్మాయి'ని చూసి వేస్తే టెక్నిక్ పట్టుబడుతుందా, లేక అది ఉత్త కాపీ కొట్టడమేనా?

పట్టుబడుతుంది. నా దగ్గరికి పోర్ట్రెయిట్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళతో ఆయిల్‌లో మొదట చేయించేది ఒక పాత బొమ్మను తిరిగి వేయించడమే. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదలుపెడితే సమస్యలన్నీ ఒక్కసారే మీద పడతాయి. మనిషి కదులుతాడు, కిటికీలో వెలుగు మారిపోతుంది, ఏ నీడ ఉంచాలో ఏది వదిలేయాలో తేలదు. పాత బొమ్మలో ఆ తేల్చుకోవడమంతా ఒక గొప్ప చిత్రకారుడు ముందే చేసిపెట్టాడు. ఆయన ఏం తేల్చాడో కనిపెట్టడం మీ పని. ఏది ముందు వేశాడు, ఏది ఆఖరికి మిగిల్చాడు, ఏ అంచు కరిగించాడు, ఎక్కడ కుంచె తీసి పక్కన పెట్టేశాడు? ఈ ప్రశ్నలు వేసుకుంటూ వేస్తే ఒక్క బొమ్మతోనే చాలా దూరం వెళ్తారు. కనిపించింది కనిపించినట్టు ఒక మూల నుంచి ఇంకో మూలకు దించుకుంటూ పోతే మాత్రం చివరికి గోడకు తగిలించుకునే బొమ్మ ఒకటి మిగులుతుంది, అంతే.

కాపీ అన్నందుకు మొహమాటపడకండి. చిత్రకారుడు రూబెన్స్ 1628-29లో మాడ్రిడ్ వెళ్ళేనాటికి యాభై దాటినవాడు, యూరప్ అంతా పేరున్నవాడు. అయినా స్పెయిన్ రాజు దగ్గరున్న, తనకంటే ముందుతరం ఇటలీ చిత్రకారుడు టిషియన్ బొమ్మల ముందు కూర్చుని వాటిని కాపీ చేశాడు. అమెరికన్ చిత్రకారుడు సార్జెంట్ 1879లో మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో వెలాస్కెజ్ బొమ్మల్ని, ఆ మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో ఫ్రాన్స్ హాల్స్ బొమ్మల్ని కాపీ చేశాడు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం మొదలైన 1793 నుంచి అక్కడ కాపీ చేసుకునేవాళ్ళకు చోటుంది. మోసం జరక్కుండా కాపీ కొలత అసలు బొమ్మకంటే ఐదో వంతు పెద్దగానో చిన్నగానో ఉండాలని నియమం పెట్టారు. మన రవివర్మకైతే కాపీ చేసే అవకాశం కూడా సరిగా దొరకలేదు. 1868లో తిరువనంతపురం వచ్చిన థియోడర్ జెన్సన్ అనే చిత్రకారుడు పని చేస్తుంటే పక్కన నిలబడి చూడనిచ్చారు. ఆయిల్ రంగుల ఒడుపు చాలావరకు ఆ చూపుతోనే పట్టుకున్నాడాయన.

రవివర్మ పేరొచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న రవివర్మ పటాలు చూసి నేర్చుకుందామని చాలామంది మొదలుపెడతారు. వాటిలో ఎక్కువ భాగం 1894లో ముంబైలో ఆయన పెట్టిన ప్రెస్సులో రాళ్ళ మీద అచ్చువేసినవి, లేదా వాటికి మళ్ళీ మళ్ళీ వేసిన నకళ్ళు. భూతద్దం పెట్టి చూస్తే చుక్కలు కనిపిస్తాయి, కుంచె జాడ కనిపించదు. కూర్పు నేర్చుకోవడానికి పనికొస్తాయి గానీ రంగు ఎలా పెట్టాలో వాటినుంచి తెలియదు. కాపీకి ఎంచుకునేది చేత్తో వేసిన బొమ్మ అయి ఉండాలి, దాని మంచి ఫోటో దొరకాలి.

మీ ఎంపిక నాకు చాలా నచ్చింది. ఒకే తల, ఒకే వైపునుంచి వెలుగు, చేతులు లేవు, వెనక చీకటి, రంగులు కొన్నే. సుమారు 1665లో వేసిన ఈ బొమ్మ నెదర్లాండ్స్‌లో హేగ్ నగరంలోని మారిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. కొలత 44.5 సెంటీమీటర్ల ఎత్తు, 39 సెంటీమీటర్ల వెడల్పు. అంటే మన షాపుల్లో దొరికే 16×20 అంగుళాల కాన్వాస్ మీద గీత గీసుకుని అసలు కొలతలోనే వేయొచ్చు. అన్నిటికంటే పెద్ద సౌకర్యం ఇంకొకటుంది. 2018లో శాస్త్రవేత్తలు మ్యూజియంలోనే అద్దాల గది కట్టి, రెండు వారాలపాటు రాత్రింబవళ్ళు ఈ బొమ్మను స్కాన్ చేసి పరీక్షించారు. ఏ పొర మీద ఏ పొర ఉందో, ఏ రంగులు వాడాడో చాలావరకు బయటపడింది. ఊహించాల్సిన పని సగం తగ్గిపోయింది.

ముందు ఫోటో సంగతి. 1881లో హేగ్‌లో జరిగిన వేలంలో దేస్ తోంబ్ అనే సేకర్త దీన్ని రెండు గిల్డర్ల ముప్పై సెంట్లకు కొన్నాడు. అప్పటికి అంత మాసిపోయి ఉంది, అది వెర్మీర్‌దని అక్కడున్నవాళ్ళలో ఎక్కువమంది గుర్తించలేదు. 1994లో శుభ్రం చేసి బాగుచేశారు. అంతకుముందు అచ్చయిన పాత పుస్తకాల్లో బొమ్మ పసుపుపచ్చగా కనిపిస్తుంది, అది వార్నిష్ రంగు. మ్యూజియం వాళ్ళే ఆన్‌లైన్‌లో పెట్టిన ఫోటో తీసుకోండి. దగ్గరగా చూడాలంటే హైరాక్స్ కంపెనీ మైక్రోస్కోప్‌తో తీసిన వెయ్యి కోట్ల పిక్సెళ్ళ ఫోటో కూడా అందరికీ అందుబాటులో ఉంది. అందులో కంటిలోని తెల్ల చుక్క మీద పగుళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. ఆ పగుళ్ళను మాత్రం మీ బొమ్మలో వేయకండి. అవి మూడున్నర శతాబ్దాల వయసు వేసిన గీతలు, వెర్మీర్ వేసినవి కావు.

ఫోన్‌లో చూసి వేయొద్దు. ట్యాబ్ గానీ ల్యాప్‌టాప్ గానీ ఈజిల్ (కాన్వాస్ నిలబెట్టే స్టాండు) పక్కన కాన్వాస్ ఎత్తులో నిలబెట్టండి. బ్రైట్‌నెస్ ఒకచోట పెట్టి మళ్ళీ కదపకండి, రాత్రిపూట స్క్రీన్‌ను పసుపు చేసే సెట్టింగ్ ఆపేయండి. బొమ్మ మొత్తం ఒక్కసారి కనిపించేలా ఉంచుకునే ఎక్కువసేపు పని చేయాలి. జూమ్ చేసి కన్ను ఒక్కటే పూర్తిచేసి, తర్వాత ముక్కు, తర్వాత పెదవులు అంటూ వెళ్ళినవాళ్ళ బొమ్మల్లో విడివిడిగా అన్నీ బాగుంటాయి, కలిపి చూస్తే ఆ అమ్మాయి ఉండదు.

కాన్వాస్ ముట్టుకునే ముందు అరచేయంత కాగితం మీద చార్కోల్‌తో ఒక చిన్న బొమ్మ వేయండి. కళ్ళు సగం మూసి చూస్తూ మొత్తాన్ని ఐదే టోన్లలోకి కుదించండి: నలుపు, ముదురు, నడిమి, లేత, తెలుపు. గీతలు వద్దు, మచ్చలు మాత్రమే. అంత చిన్న కాగితం మీద కూడా అది ఆ అమ్మాయేనని తెలిసిపోతే పోలిక ఎక్కడుంటుందో మీకు అర్థమైనట్టే. పోలిక కనురెప్పల వెంట్రుకల్లో ఉండదు, పెద్ద మచ్చల ఆకారాల్లో ఉంటుంది. పెన్సిల్‌లో మీకు చేయి తిరిగింది కాబట్టి ఈ పని త్వరగానే అవుతుంది. కానీ దాటేయకండి.

డ్రాయింగ్ ఎక్కించడానికి గళ్ళు గీయాలా, ట్రేస్ చేయాలా, కంటికొలతతో వేయాలా అన్నదానిమీద ఆర్ట్ టీచర్లు ఒకరితో ఒకరు ఏకీభవించరు. నా మాట ఇది. ఇప్పుడు మీ ఇబ్బంది రంగుతో, గీతతో కాదు. కాబట్టి ముఖ్యమైన చోట్లు ట్రేస్ చేసుకుని సమయం రంగు మీద పెట్టండి. కళ్ళ మూలలు, ముక్కు కింది అంచు, పెదవుల మధ్య గీత, గడ్డం, తలపాగా బయటి ఆకారం, ముత్యం ఉండే చోటు చాలు. నీడ ఎక్కడ మొదలవుతుందో ఆ హద్దు కూడా సన్నగా గీసుకోండి. వెర్మీర్ కూడా నల్లని సన్నగీతలతో ఆకారాలు పెట్టుకున్నాడని, వేస్తూ వేస్తూ చెవి చోటు, తలపాగా పైభాగం, మెడ వెనక భాగం మార్చుకున్నాడని 2018 పరీక్షల్లో తేలింది. మీరూ మార్చుకోవచ్చు. అప్పుడప్పుడు బొమ్మను అద్దంలో చూడండి, లేదా ఫోటోను, కాన్వాస్‌ను రెంటినీ తలకిందులు చేసి చూడండి. తప్పు వెంటనే కంటికి తగులుతుంది.

రంగుల విషయానికొస్తే షాపు మొత్తం కొనక్కర్లేదు. టైటానియం వైట్, ఎల్లో ఓకర్, వర్మిలియన్ రంగులో ఒక ఎరుపు, పర్మనెంట్ అలిజారిన్ లాంటి ఒక చల్లని ఎరుపు, రా అంబర్, బర్న్ట్ సియెన్నా, ఐవరీ బ్లాక్, అల్ట్రామెరీన్ బ్లూ. వెర్మీర్ వాడిన తెలుపు సీసంతో చేసింది, విషం. ఇంట్లో దాని జోలికి పోవద్దు. ఆయన తలపాగా నీలం నేటి అఫ్గానిస్తాన్ గనుల నుంచి వచ్చిన లాపిస్ లాజులీ రాయిని నూరి తీసింది, ఆ రోజుల్లో చాలా ఖరీదు. ఎరుపులో ఒకటి అమెరికా ఖండం నుంచి వచ్చిన కొచినీల్ పురుగుల నుంచి తీసిన రంగు. మనకు ట్యూబులో దొరికే అల్ట్రామెరీన్ ఫ్యాక్టరీలో తయారయ్యేదే అయినా గుణంలో ఆ నీలమే, కాబట్టి అక్కడ మీరు నష్టపోయేది లేదు. క్యామెల్ ఆర్టిస్ట్ రకం ట్యూబులు నేర్చుకోవడానికి సరిపోతాయి. డబ్బు మిగిలితే బ్రష్‌ల మీద పెట్టండి: పందివెంట్రుకల ఫిల్బర్ట్‌లు (కొన గుండ్రంగా ఉండే చదునైన బ్రష్‌లు) రెండు మూడు సైజులు, అంచులు కలపడానికి మెత్తటి వెడల్పు బ్రష్ ఒకటి, ఆఖరి చుక్కలకు సన్నది ఒకటి.

తెల్ల కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టకండి. రా అంబర్, కొంచెం తెలుపు కలిపి టర్పెంటైన్‌తో పలచగా పూసి ఆరనివ్వండి. తెల్ల కాన్వాస్ మీద ప్రతి రంగూ ఉన్నదానికంటే ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. ఆ బూడిద గోధుమ రంగు మీదైతే లేత, ముదురు రెండూ సరిగా తెలుస్తాయి. తర్వాత రా అంబర్ ఒక్కటే తీసుకుని నీడలన్నీ పెట్టేయండి. వెలుగున్న చోట గుడ్డతో తుడిచేయండి. దీన్నే అండర్ పెయింటింగ్ అంటాం. వెర్మీర్ కూడా అడుగున గోధుమ, నలుపు రంగులతో వెలుగునీడలు తేల్చుకున్న తర్వాతే పైరంగులకు వెళ్ళాడు. ఈ దశ అయ్యేసరికి బొమ్మ పాత గోధుమరంగు ఫోటోలా, నిండుగా, నమ్మేలా కనిపించాలి. కనిపించకపోతే రంగు వేసినా బాగుపడదు. అంబర్ త్వరగా ఆరుతుంది, వేసవిలో రెండు మూడు రోజులు, వానాకాలంలో ఇంకాస్త ఎక్కువ. వేలికి అంటనంతవరకు ఆగండి.

ఇక మీ అసలు బాధ, పిండి పూసినట్టు కనిపించడం. దానికి కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. ట్యూబులోంచి తీసిన తెలుపు, ఓకర్, ఎరుపు కలిపి ఒక చర్మం రంగు చేస్తారు. వెలుగు కావాలంటే దానికి ఇంకొంచెం తెలుపు, నీడ కావాలంటే అదే రంగుకు నలుపు కలుపుతారు. తెలుపు నీడల్లోకి కూడా వెళ్ళిపోతుంది. టైటానియం వైట్ చాలా బలమైన తెలుపు, కాస్త తగిలినా నీడ లోతు పోయి సున్నం కొట్టినట్టవుతుంది. పైగా నలుపు కలిపిన చర్మం బూడిదలా, ప్రాణం లేనట్టు ఉంటుంది.

అందుకని ప్యాలెట్ మీద మూడు కుప్పలు వేరువేరుగా చేసుకోండి. వెలుగు కుప్ప: తెలుపు, ఎల్లో ఓకర్, చిటికెడు వర్మిలియన్. నీడ కుప్ప: బర్న్ట్ సియెన్నా, రా అంబర్, కొంచెం చల్లని ఎరుపు. ఇందులో తెలుపు అసలు ఉండదు. నీడ పలచగా ఉండాలి, అడుగునున్న అంబర్ పొర లోపలినుంచి కనిపించాలి. ఈ రెంటికీ నడిమిది మూడో కుప్ప. వెలుగు కుప్పలోంచి కొంత తీసి, అందులో అంబర్, అతి కొద్దిగా అల్ట్రామెరీన్ కలపండి. కుప్పగా చూస్తే అది ఆకుపచ్చ ఛాయలో ఉన్న మురికి రంగులా కనిపిస్తుంది, ఇది ముఖానికి ఎలా పనికొస్తుందా అనిపిస్తుంది. వెచ్చని వెలుగుకీ వెచ్చని నీడకీ మధ్య సన్నగా ఆ చల్లని రంగు పడగానే చెంప గుండ్రంగా తిరుగుతుంది. అప్పుడు నమ్మకం కుదురుతుంది. వెలుగు మందంగా, నీడ పలచగా. పోర్ట్రెయిట్‌లో ఈ ఒక్కటీ పట్టుబడితే సగం టెన్షన్ తగ్గుతుంది.

వెలుగులో కూడా ఒక పరీక్ష చేయండి. ట్యూబు తెలుపు ఒక చుక్క కాన్వాస్ అంచున పెట్టి, ఆ అమ్మాయి నుదుటితో పోల్చి చూడండి. ముఖంలో అన్నిటికంటే వెలుగున్న చోటు కూడా ఆ తెలుపుకు చాలా దిగువనే ఉంటుంది. అసలైన తెలుపును ఆయన కంటి చుక్కలకు, కాలర్‌కు, ముత్యానికి దాచిపెట్టాడు. ముఖానికే అంతా ఖర్చు పెట్టేస్తే ముత్యం దగ్గరికొచ్చేసరికి మీ దగ్గర ఏమీ ఉండదు. కళ్ళలో తెల్లగుడ్డు కూడా తెలుపు కాదు, బూడిద. మీరు సరైన రంగే కలిపారా అని అనుమానమొస్తే, బూడిదరంగు అట్టముక్కకు చిన్న కన్నం చేసి స్క్రీన్ మీద ఆ చోట పెట్టి చూడండి. చుట్టుపక్కల రంగులు కప్పుకుపోయేసరికి అసలు రంగు బయటపడుతుంది. తెల్లగుడ్డు అనుకున్నది ఎంత ముదురో చూసి ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు ముక్కు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఈ బొమ్మ మొత్తంలో నేను విద్యార్థులకు ముందు చూపించే చోటు అదే. వెలుగు మనకు ఎడమవైపునుంచి వస్తోంది. ముక్కు దూలానికీ, దానికి ఎడమన ఉన్న చెంపకీ మధ్య గీత ఎక్కడుందో వెతకండి. లేదు. దూలం, ఆ చెంప ఒకే రంగు, ఒకే టోన్. వెర్మీర్ అక్కడ అంచు వేయనే లేదు. అయినా మనకు ముక్కు స్పష్టంగా కనిపిస్తుంది. కుడివైపు మెత్తటి నీడ, ముక్కు కొన, నాసికారంధ్రం దగ్గరి చిన్న ముదురు మచ్చ చెప్పాల్సింది చెప్పేస్తున్నాయి, మిగతాది చూసేవాళ్ళ కన్ను పూరించుకుంటోంది. పెన్సిల్‌తో వచ్చినవాళ్ళకు ఇక్కడ చేయి ఆగదు. 'ముక్కుకు ఆ పక్క ఏదో ఉండాలి కదా' అని ఒక సన్న గీత గీసేస్తారు. ఆ గీత పడగానే ముఖంలో వెలుగు చచ్చిపోతుంది. కావాలంటే అభ్యాసం కోసం ఒక విడి కాన్వాస్ ముక్క మీద ముక్కు మాత్రమే రెండు రకాలుగా వేసి పక్కపక్కన పెట్టి చూడండి, ఒకటి గీతతో, ఒకటి గీత లేకుండా. ఎంతసేపు చదివినా రాని పాఠం అందులో ఉంది.

ఆ చూపుతో మిగతా బొమ్మను వెతికితే ఇంకా దొరుకుతాయి. కనుబొమ్మలు దాదాపు కనిపించవు. పెదవుల మూలలు చర్మంలో కరిగిపోతాయి, కింది పెదవి మీద మాత్రం తడి మెరుపుల్లా చిన్న లేత చుక్కలున్నాయి. చెంప అంచు వెనక చీకటి మీద ఒకచోట పదునుగా, ఇంకోచోట మెత్తగా ఉంటుంది. మెత్తటి అంచు కావాలంటే రెండు రంగులూ పచ్చిగా ఉండగానే, పొడి మెత్తటి బ్రష్‌తో హద్దు మీద తేలిగ్గా ఒకసారి ఈడ్చి ఆపేయండి. పదేపదే రుద్దితే ముఖమంతా మైనపుబొమ్మ అవుతుంది. పదును ఎక్కడ ఉంచాలన్నదే తెలివి, అది అన్నిచోట్లా ఉండకూడదు.

క్రమం గురించి కూడా పరీక్షల్లో తేలిన సంగతి ఉంది. ఆయన వెనకనుంచి ముందుకు వచ్చాడు. వెనకభాగం, ముఖచర్మం, ఆ తర్వాత పసుపు జాకెట్, తెల్ల కాలర్, తలపాగా, చిట్టచివర ముత్యం. మీరూ అదే వరస పాటించండి. ఇలా వస్తే ముందున్న వస్తువు అంచు వెనకున్నదాని మీదకి సహజంగా ఎక్కుతుంది, ఒకదాని చుట్టూ ఒకటి జాగ్రత్తగా పూసుకుంటూ పోవాల్సిన అవస్థ ఉండదు.

వెనకభాగం ఇప్పుడు నల్లగా ఉన్నా వెర్మీర్ వేసినప్పుడు అది ఆకుపచ్చ తెర. నల్లటి పొర మీద నీలిమందు, వెల్డ్ అనే మొక్కనుంచి తీసిన పసుపు కలిపి పారదర్శకంగా పూశాడు, కాలక్రమంలో ఆ రంగు మారిపోయింది. తెర మడతల ఆనవాళ్ళు కూడా స్కాన్‌లో దొరికాయి. మీ కాపీలో ఇప్పుడు కనిపిస్తున్నట్టు ముదురుగానే వేయండి, మీరు నేర్చుకోవాల్సింది ముఖం. ఐవరీ బ్లాక్ ఒక్కటే వాడితే ఆరడానికి చాలా రోజులు తీసుకుంటుంది, సగం అంబర్ కలపండి. గ్లేజింగ్, అంటే ఆరిన రంగు మీద పారదర్శకమైన పొర పూయడం, నేర్చుకోవాలనిపిస్తే, ఇది పూర్తిగా ఆరాక దానిమీద లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) కలిపిన ఆకుపచ్చ పొర పలచగా పూసి ఆ అమ్మాయిని మళ్ళీ తెర ముందు నిలబెట్టొచ్చు. ముఖం ఎంత మారుతుందో చూస్తారు.

జాకెట్ మీద తొందరగా దాటిపోవచ్చు. ఓకర్, అంబర్‌లతో పెద్ద బ్రష్ పట్టుకుని వదులుగా వేయండి, ఆయనా అలాగే వేశాడు. తలపాగాకు మూడు నీలాలు చాలు: తెలుపు కలిపిన లేతది, నడిమిది, నలుపు కలిపిన ముదురుది. మడతలు లెక్కపెట్టకుండా వెలుగున్న పలకలు, నీడలో ఉన్న పలకలుగా విడదీసి వేయండి. ఆరాక పైన అల్ట్రామెరీన్ పలచగా పూస్తే ఆ లోతు వస్తుంది.

ముత్యం గురించి అందరూ భయపడతారు గానీ బొమ్మలో తక్కువ పని ఉన్నది దానికే. దగ్గరికెళ్ళి చూస్తే అక్కడ ముత్యమనే గుండ్రని వస్తువు లేదు. పైన ఎడమవైపు మందంగా ఒక తెల్లటి చుక్క, కింద కాలర్ ప్రతిబింబంగా మెత్తటి లేత పూత, మధ్యలో మెడ నీడ రంగే. చెవికి తగిలించే కొక్కెం కూడా లేదు. మీరు దానికి చుట్టూ గుండ్రని గీత గీస్తే గోళీకాయ అవుతుంది. ముందు మెడ నీడను పూర్తిగా వేసి ఆరనివ్వండి. తర్వాత కింది పూత. ఆఖరున ఆ తెల్ల చుక్కను బ్రష్ నిండా రంగు తీసుకుని ఒక్కసారి పెట్టి చేయి వెనక్కి తీసేయండి. దిద్దొద్దు. కుదరకపోతే గుడ్డతో తీసేసి మళ్ళీ పెట్టండి.

పని పద్ధతిలో రెండు జాగ్రత్తలు. కింది పొరల్లో టర్పెంటైన్ ఎక్కువ, నూనె తక్కువ. పైకి వచ్చేకొద్దీ నూనె పెంచండి. తారుమారైతే పైపొర ముందు ఆరి, తర్వాత పగులుతుంది. రెండోది, లిన్సీడ్ ఆయిల్ అంటిన గుడ్డల్ని ఉండగా చుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డలు వాటంతట అవే అంటుకునే ప్రమాదముంది, మన ఎండాకాలంలో మరీనూ. నీళ్ళున్న మూత డబ్బాలో వేసి బయటపెట్టండి. ఫ్లాట్‌లో ఉంటూ టర్పెంటైన్ వాసన పడదంటే వాసన లేని థిన్నర్ వాడండి, అయినా కిటికీ తెరిచే ఉంచాలి.

అసలు ఆయిల్ బొమ్మ ఒకటి కంటితో చూడకుండా ఇదంతా చేయొద్దని కూడా చెప్తాను. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ చిత్రాల గదులకు వెళ్ళండి. గోదావరి జిల్లాల వాళ్ళయితే రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. 1925లో ముప్పై ఏళ్ళు నిండకుండానే పోయిన ఆ చిత్రకారుడి పని కళ్ళారా చూడటం వేరు. బొమ్మ పక్కకు నిలబడి వెలుగు ఏటవాలుగా పడేలా చూస్తే రంగు ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ కాన్వాస్ నేత కనిపించేంత పలచగా ఉందో తెలుస్తుంది. స్క్రీన్ మీద అది ఎప్పటికీ తెలియదు.

కాపీ అయిపోయాక చాలామంది ఇంకో కాపీ మొదలుపెడతారు. నేను మాత్రం వెంటనే ఇంట్లో ఒకర్ని కూర్చోబెట్టమంటాను. అమ్మో, చెల్లెలో, ఎవరైనా సరే. ఎడమన కిటికీ ఒకటే తెరిచి మిగతా లైట్లన్నీ ఆర్పేయండి, వెనక ముదురు దుప్పటి కట్టండి, ఒళ్ళు పక్కకు పెట్టి తల మీవైపు తిప్పమనండి. అదే వెలుగు, అదే భంగిమ, మనిషి మాత్రం మన మనిషి. వెర్మీర్ దగ్గర నేర్చుకున్నది ఎంతవరకు మీదైందో అక్కడ తెలుస్తుంది.

ఇక్కడ ఒక్కటి మారుతుంది, రంగుల పాళ్ళు. ఆ డచ్చి అమ్మాయి చర్మానికి కలిపిన కుప్పలు మన చామనఛాయకు పనికిరావు. వెలుగు కుప్పలో తెలుపు బాగా తగ్గించి, ఓకర్‌తో పాటు బర్న్ట్ సియెన్నా, వర్మిలియన్ పెంచండి. గోధుమ చర్మాన్ని తెలుపుతో లేతగా చేయబోతే బూడిద పూసినట్టవుతుంది, పసుపు, నారింజ ఛాయలతో లేతగా చేయాలి. మన చర్మంలో నిండు రంగు నడిమి టోన్లలో ఉంటుంది. మెరుపులు చిన్నవిగా, బలంగా, కిటికీలోంచి ఆకాశం వెలుగు పడితే కాస్త నీలంగా ఉంటాయి. నల్లటి చర్మమైతే ఆ నీలం మెరుపులే ముఖం ఆకారాన్ని చెప్తాయి, అవి చూసి ఉన్నవున్నట్టు వేయండి, తెల్లబరచకండి. నీడలో తెలుపు ఉండకూడదన్న నియమం, ముక్కు దగ్గర అంచు వదిలేయడం, ముదురు నుంచి వెలుగుకు రావడం, ఇవన్నీ ఇక్కడా అలాగే పనిచేస్తాయి.

వెర్మీర్ ఒడుపు కొంత చేతికొచ్చాక దానికి పూర్తిగా వ్యతిరేకమైనది ఒకటి వేయండి. ఇంకో డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1659లో వేసుకున్న సెల్ఫ్ పోర్ట్రెయిట్ వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, దాని మంచి ఫోటో ఉచితంగా దొరుకుతుంది. వెర్మీర్ అంచులు కరిగించిన చోట రెంబ్రాంట్ రంగును ముద్దగా పెట్టి వదిలేశాడు. ఆ రెంటికీ మధ్య ఎక్కడో మీ చేయి ఉంటుంది.

బొమ్మ వెనక 'వెర్మీర్‌ను అనుసరించి' అని రాసి, మీ పేరు, తేదీ వేయండి. మూడున్నర శతాబ్దాల నాటి బొమ్మ కాబట్టి కాపీరైట్ బాధ లేదు, అయినా ఎవరికైనా ఇచ్చేటప్పుడు అది కాపీ అని తెలియాలి.

అండర్ పెయింటింగ్ ఆరిన రోజు ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, రంగులోది ఒకటి, దాన్నే బ్లాక్ అండ్ వైట్‌గా మార్చింది ఒకటి. పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయండి. నీడలు సరిపోయాయో లేదో చూసి చెప్తాను, రంగు ఆ తర్వాతే మొదలుపెట్టండి.